కళ్ళు మూసుకుంటే నాకు ఒడ్డు కనపడదు

నా సంచిలో డిగ్రీ పట్టా ఉంది. మా ఇంట్లో అదే మొదటి పట్టా, మా వీధిలో కూడా మొదటిదే. అయినా ఆ రోజు ఎచ్చెర్లలో బస్సెక్కినప్పుడు నా గుండె దడదడలాడింది పట్టా గురించి కాదు. దానికంటే పెద్ద కబురొకటి నా దగ్గరుంది. ఫోన్లో చెబితే పాడైపోతుందని రెండు రోజులు నోరు కట్టుకుని కూర్చున్నాను.

కబురు ఇది. జనానికి కళ్ళు మూసుకుంటే బొమ్మలు కనపడతాయట. మాటవరసకి కాదు, నిజంగానే కనపడతాయట.

మీరు నవ్వుతారని తెలుసు. మీకది పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే అయ్యుంటుంది. నాకు మాత్రం ఇరవై మూడేళ్ళు నిండాక తెలిసింది.

డిగ్రీ అయ్యాక బీఈడీలో చేరాను. మనసు గురించి చెప్పే క్లాసులో మేడం అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. "ఒక జీడిమామిడి పండుని ఊహించుకోండి. ఏం రంగు?" అని అడిగారు. ఒకమ్మాయి ఎర్రగా ఉందంది. ఇంకొకడు పసుపు, కింద గింజ వేలాడుతోంది, పక్కన చీమ కూడా ఉందన్నాడు. చీమ అనగానే నేను పకపకా నవ్వేశాను. వీడు మేడం దగ్గర మార్కులు కొట్టేయడానికి కథలల్లుతున్నాడనుకున్నాను.

మేడం నన్ను లేపి, "నీ పండు ఏం రంగు?" అన్నారు.

"నా దగ్గర పండు లేదు మేడం. మీరు ఊహించుకోమన్నారు కదా, ఊహించుకున్నాను."

"ఊహించుకుంటే ఏం కనపడింది?"

"ఊహించుకుంటే కనపడ్డం ఏంటి మేడం?"

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు. దగ్గరికొచ్చి ఇంకో నాలుగు ప్రశ్నలు వేశారు. మీ ఇల్లు? మీ వీధి? నిన్న తిన్న కంచం? ఏది అడిగినా నాకు తెలుసు, అన్నీ చెప్పగలను. కానీ కళ్ళు మూస్తే ఉన్నది చీకటే. చీకట్లో మాటలు. అప్పుడు మేడం చెప్పారు, కొందరు ఇలాగే ఉంటారని. దానికి అఫాంటేషియా అని పేరు కూడా ఉందట. జబ్బు కాదట. కళ్ళు బాగానే ఉంటాయి, జ్ఞాపకమూ బాగానే ఉంటుంది. మనం దేన్నైనా చూసినప్పుడు కంటి నుంచి కబురు తల వెనక్కి వెళుతుందట. చూపు పని జరిగేది అక్కడే. ఊహించుకునేటప్పుడు అదే చోటుకి లోపలి నుంచి కబురు రావాలట, జ్ఞాపకాలున్న వైపు నుంచి. కొందరిలో ఆ కబురు బొమ్మగా మారదు. ఎందుకు మారదో తేల్చే పని ఇంకా నడుస్తూనే ఉందన్నారు.

"మరి నాకు కలలో సముద్రం కనపడుతుంది కదా మేడం?" అన్నాను.

"చాలామందికి కలలో కనపడతాయి. కావాలని తెచ్చుకోవడం వేరు, వాటంతటవే రావడం వేరు."

నాకు ఇంకా అయోమయం పెరిగింది. అంటే బొమ్మలు లోపలున్నాయా, లేవా? ఉంటే నాకెందుకు చూపించవు?

బస్సులో పక్క సీట్లో ఒక అవ్వ కూర్చుంది. ఆగలేక అడిగేశాను.

"అవ్వా, కళ్ళు మూసుకుంటే మీ ఊరు కనపడతాదా?"

"కనపడక? మా సావిడి, గేదె, మా ముసిలోడు సుట్ట కాల్సుకుంటన్నాడు. నీకు కనపడదేటి?"

"కనపడదవ్వా."

"ఓలమ్మ! మరి ఇంటికెలా ఎల్తావు నాయనా?" అని పాపం, దిగేటప్పుడు కండక్టరుకి చెప్పింది, ఈ గుంటడికి ఊరొస్తే కాస్త చెప్పమని.

ఇంత సంతోషం దేనికో చెప్పాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మా వీధిలో నా పేరు "కనపడతన్నాది". కన్నవాళ్ళు పెట్టింది కాదు, మా మావ పెట్టింది. మా అమ్మ తమ్ముడు. నేను ఎదురొస్తే చాలు, "ఏటిరా కనపడతన్నాది, ఏటి కనపడతన్నాది?" అంటాడు. ఊరంతా అదే పట్టుకుంది. మా అయ్య మాత్రం ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. ఎవరైనా అలా పిలిస్తే అడ్డుకునేవాడూ కాదు. అదే నాకు ఎక్కువ బాధ.

మా ఊరికి ఎదురుగా సముద్రంలో, నీటి కింద ఒక బండ ఉంది. దాని చుట్టూ చేప బాగా దొరుకుతుంది. కానీ వల బండ మీద పడిందో, చిరిగిపోతుంది. నీళ్ళ మీద అక్కడ ఏ గుర్తూ ఉండదు. ఒడ్డు చూసి పోల్చుకోవాలి. ఒడ్డున రెండేసి వస్తువులు ఒకదాని వెనక ఒకటి వరసలోకి వచ్చాయంటే పడవ బండ మీద ఉన్నట్టు. ఈ గురుతులు మా వాళ్ళు ఎవరికీ చెప్పరు. తండ్రి కొడుక్కి చెబుతాడు, అంతే. చెప్పే పద్ధతి ఒకటుంది. సాయంత్రం ఇసకలో ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటారు. మా అయ్యకి వాళ్ళ అయ్య అలాగే చెప్పాడు.

"బండ మీదున్నావు. ఒడ్డేపు సూడు. కనపడతన్నాదా?"

మొదటిరోజు నేను నిజమే చెప్పాను. "లేదయ్యా. సీకటి."

"సరిగ్గా సూడరా."

"కళ్ళు మూసుకుని ఎలా సూస్తారయ్యా?"

నెత్తి మీద ఒకటి పడింది. మూడోరోజుకి నాకు అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాను. "కనపడతన్నాది" అన్నది ఊరికే ఒక మర్యాద మాట. ఎవరైనా ఎలాగున్నావంటే బాగున్నానంటాం కదా, అలాంటిది. ఎవరికీ ఏమీ కనపడదు, అందరూ అలాగే అంటారు. నేనూ అన్నాను. "కనపడతన్నాదయ్యా." అయ్య మొహం విచ్చుకుంది. గురుతులు మాటల్లో చెప్పాడు, నేను పాఠంలా బట్టీ పట్టాను. కొండ బుజం కింద తెల్ల గుడి. ఏరు కలిసే చోటికి నేరుగా జంట తాడిచెట్లు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

నా పదమూడో ఏట దసరా సెలవలకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. అయ్యకి జ్వరం. మావది పక్క ఊరు, మా నీళ్ళు ఆయనకి కొత్త. ఆయన ఆ మధ్యే కొన్న వల చేతిలో ఉంది, చేప పడే రోజులు. "నీ కొడుకు ఉన్నాడు కద బావా, ఆడు సూపిత్తాడు" అని నన్ను పడవలో ఎక్కించుకున్నాడు. అయ్య మంచం మీద నుంచే నన్ను దగ్గరికి పిలిచి కళ్ళు మూసుకోమన్నాడు. "కనపడతన్నాదా?" అన్నాడు. కనపడతన్నాదన్నాను.

ఎంత గర్వం నాకు! తెల్లారే వేళకి లోపలికి వెళ్ళాం. మావ అడిగాడు, "గుడి కనపడతన్నాదా?" దూరంగా కొండ కింద తెల్లటి చుక్క. "కనపడతన్నాది మావా." "తాడిసెట్లు?" "కనపడతన్నాయి." వల దింపాం. గురుతులు కలిసిన చోట బండ ఉందని, దానికి ఎడంగానే దింపామనుకున్నాం. లాగితే రాలేదు. పడవలో ఉన్న నలుగురమూ లాగాం. చివరికి వచ్చింది సగం వల, అదీ పేలికలు.

మావ ఆ వల పేలికలు తెచ్చి మా గుమ్మంలో పడేశాడు. అయ్య దుప్పటి కప్పుకుని బయటికొచ్చి ఒక్కటే అడిగాడు.

"నిజం సెప్పు. నీకు గురుతు కనపడిందా?"

పిల్లాణ్ణి, బెదిరిపోయాను, ఏడుస్తూ ఉన్నమాట చెప్పేశాను. "కళ్ళు మూసుకుంటే నాకెప్పుడూ ఏటీ కనపడలేదయ్యా."

"మరెందుకు కనపడతన్నాదని సెప్పినావు?"

అందరూ అలాగే అంటారు కదా అనుకున్నానని చెప్పడానికి నాకు మాట రాలేదు. అయ్య లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నన్ను పడవ ఎక్కించుకోలేదు. గురుతుల మాట ఎత్తలేదు. చదువుకోమన్నాడు, చదువుకున్నాను. నీళ్ళ మీద అబద్ధం చెప్పినవాణ్ణి మా వాళ్ళు మళ్ళీ నమ్మరు. మిగతా అబద్ధాలు వేరు, ఆ అబద్ధం వేరు.

ఇప్పుడు తెలిసింది కదా, అందుకే నా సంతోషం. నేను అబద్ధాలకోరుని కాను. వాళ్ళందరికీ ఉన్నది నాకు లేదు, అది లేదనే సంగతి నాకు తెలీదు. ఈ ముక్క అయ్యకి చెప్పేస్తే పదేళ్ళది కడిగేసినట్టే అనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. పట్టా తీసి చేతిలో పెట్టాను. తడి చెయ్యి చీరకి తుడుచుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "నీ పొటో లేదేటిరా దీంట్లో?" అంది.

"అది సరేగానీ అమ్మా, నాకు బొమ్మలు కనపడవే!" అన్నాను, ఆనందంగా.

అమ్మ పట్టా వదిలేసి నా కళ్ళ కింద రెప్పలు లాగి చూసింది. "ఎప్పట్నుంచి? అందుకే సెప్పినాను, ఆ పోను సూడకురా అని. ఇదెన్ని?" అని మూడు వేళ్ళు చూపించింది.

"మూడు. కళ్ళు బాగున్నాయే. మూసుకుంటే కనపడదు."

"మూసుకుంటే ఎవుడికి కనపడతాది?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ కూడా నాలాంటిదేనా! "నీకూ కనపడదా అమ్మా? సరే, కళ్ళు మూసుకో. మీ అమ్మని తలుసుకో."

అమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి పెదాలు కదిలాయి. "ముక్కుపుడక ఎట్టుకుంది" అంది చిన్నగా. కళ్ళు తెరిచి నన్ను చూసింది. అప్పటికి గానీ దానికి నా మాట తలకెక్కలేదు.

"అయితే నేను సంతకెల్తే, నా ముకం నీకు కనపడదా?"

"కనపడదు."

"అస్టల్లో ఉన్నన్నాళ్ళూ కూడానా?"

ఏం చెప్పను? నాకు నీ గంప కింది చుట్టకుదురు తెలుసు, వీధి మలుపులో "సేపలో" అనే అరుపు తెలుసు, ఎడమ కనుబొమ మీద మచ్చ తెలుసు అని గబగబా వల్లించాను. నేను చెప్పేకొద్దీ దాని మొహం చిన్నబోయింది. రేషను కార్డులో రాసుకున్నట్టు చెబుతున్నావంది. సంతోషం పంచుదామని వచ్చి దీన్నెందుకు ఏడిపిస్తున్నానో నాకే తెలీలేదు.

కాసేపు చేపలు తిరగేసి, ఉన్నట్టుండి లేచి లోపలికెళ్ళి, పసుప్పచ్చ చీర కట్టుకుని వచ్చింది. "పొటో తియ్యి. నీ పోన్లో ఎట్టుకో. ఇంకెప్పుడూ నాతో ఈ మాటనకు." తీశాను. నవ్వమంటే నవ్వలేదు.

అయ్య ఒడ్డున ఉన్నాడు. ఆ రోజు గాలి బాగాలేక పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. అయ్య, మావ ఒక వల మధ్యలో పరుచుకుని చెరోవైపు కూర్చుని చిరుగులు అల్లుతున్నారు.

"కనపడతన్నాది వచ్చినాడు బావా!" అన్నాడు మావ. "పట్టా కనపడతన్నాదా?"

నేను కూర్చుని మొత్తం చెప్పాను. మేడం, జీడిమామిడి పండు, తల వెనకున్న చూపు. మావ అల్లిక ఆపి నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే, కళ్ళు మూసుకుని మా యావిడిని తలుసుకుంటే నాకు కనపడతాది. నీకు కనపడదు. అంతేనా?"

"అంతే మావా."

"అదురుష్టవంతుడివిరా!" అని తొడ చరుచుకుని నవ్వాడు.

అయ్య నవ్వలేదు. సూది ఆడిస్తూనే, "అయితే ఆరోజు అబద్దం సెప్పలేదంటావు" అన్నాడు.

"లేదయ్యా. అందరూ అలాగే అంటారనుకున్నాను."

"నాకు బొమ్మ కనపడతాది. నీకు మాటలే ఉంటాయి. సరే, ఒప్పుకున్నాను. కానీ గుడిని కళ్ళు తెరిసే కదరా సూసినావు? తెరిసిన కళ్ళకేటయ్యింది?"

రెండు రోజులుగా ఇంత ఆలోచించాను, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. నిజమే. బండ దగ్గర నా కళ్ళు తెరిచే ఉన్నాయి. మేడం చెప్పినదంతా మూసిన కళ్ళ గురించి.

"గురుతులు సెప్పు" అన్నాడు అయ్య. పదేళ్ళ తర్వాత మొదటిసారి. "నీకెలాగ తెలుసో అలాగే సెప్పు."

చెప్పాను, బట్టీ పట్టిన పాఠంలా. "కొండ బుజం కింద తెల్ల గుడి. ఏరు కలిసే సోటికి నేరుగా..."

"ఆగు." అయ్య సూది ఆగింది. "ఏ గుడి?"

"తెల్ల గుడి."

"ఆ ఏడు ఉగాదికే గుడికి పసుపు ఏసినాం కదరా."

వేశారని నాకు తెలీదా? తెలుసు. సెలవులకి వచ్చినప్పుడు గుడి ముందు నుంచే నడిచి ఇంటికొచ్చాను. కానీ నీళ్ళ మీద నా దగ్గరున్నది ఆ వాక్యం ఒక్కటే. అందులో గుడి తెల్లగా ఉంది. నేను తెల్లదాని కోసం వెతికాను. కొండ కింద, ఇంకాస్త దక్షిణంగా, అప్పట్లో ఊళ్ళో తెల్లగా మెరిసేది ఇంకొకటుండేది.

"తుపాను బిల్డింగు!" అన్నాడు మావ. తుఫానొస్తే ఊరంతా తలదాచుకునే మేడ అది, సున్నం తెల్లగా ఉండేది. "ఓరి నీ... తుపాను బిల్డింగు సూసి నా వల దింపించినావేట్రా!"

"నేను తెల్లదే సూసినాను మావా. కనపడిందే సెప్పినాను."

మావ కాసేపు నన్నూ, వలనీ మార్చి మార్చి చూశాడు. తిడదామని నోరు తెరిచి, ఎవర్ని తిట్టాలో తేలక మూసేసుకున్నాడు.

అయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఇందులో ఓ తిరకాసుంది" అన్నాడు. "నాకు ఇప్పుడు కూడా గుడి తెల్లగానే కనపడతన్నాది."

"అదేటయ్యా? పసుపేసి పదేళ్ళయ్యింది కదా?"

"అవును. పైగా నిరుడు గులాబీ రంగేసినారు. అయినా నా కళ్ళల్లో తెల్లగానే ఉన్నాది. మా అయ్య నాకు సూపించినప్పుడు ఎలాగుందో అలాగే."

"మరి నువ్వెప్పుడూ తప్పలేదేటి?"

"గుడి గుడే కదరా" అన్నాడు, ఇంకేముంది చెప్పడానికన్నట్టు.

దీనికి మేడం ఏం చెబుతారో నాకు తెలీదు. అయ్య దగ్గరున్న బొమ్మ కూడా పాతదే, నా దగ్గరున్న మాట కూడా పాతదే. బొమ్మలో గుడి పొట్టిగా, మొద్దుగా, పక్కన ధ్వజస్తంభంతో ఉండి ఉంటుంది, రంగు మారినా ఆకారం దొరికిపోయి ఉంటుంది. నా మాటలో రంగు తప్ప ఇంకేమీ లేదు. అలా అనుకున్నాను. నిజం అదో కాదో తెలీదు. అయ్యనే అడిగాను, బొమ్మలో ధ్వజస్తంభం ఉందా అని. చాలాసేపు కళ్ళు మూసుకుని, "సూద్దామంటే ఉంటాది, లేదంటే ఉండదు" అన్నాడు. ఇంక అడగలేదు.

మర్నాడు గాలి తగ్గింది. తెల్లవారుజామున అయ్య నన్ను లేపలేదు, తలుపు దగ్గర నిలబడి దగ్గాడు. నేను లేచి చొక్కా వేసుకున్నాను.

పడవలో ఇప్పుడు జీపీఎస్ ఉంది. మావ చేతిలో ఉంటుంది ఎప్పుడూ. "ఇది కూడా నీలాటిదేరా" అన్నాడు దాన్ని నాకు చూపించి. "దీనికి గుడి తెలీదు, కొండ తెలీదు. అన్నీ అంకెలే."

"నోరు ముయ్యరా" అన్నాడు అయ్య. "ఆ పెట్టె లోపలెట్టు. ఆడు సెప్తాడు."

మావ నన్ను చూశాడు, చేతిలో పెట్టెని చూశాడు. కొంచెం భయం కూడా వేసినట్టుంది, వల ఆయనదే. అయినా గోనె కింద పెట్టేశాడు. నేను ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. గులాబీ రంగు తెల్లవారి వెలుగులో సరిగ్గా తెలీడం లేదు. తుఫాను బిల్డింగు ఇప్పుడు నాచు పట్టి నల్లగా ఉంది. తాడిచెట్లు అలాగే ఉన్నాయి గానీ, నా పాత వాక్యంలోని తెల్లది అక్కడ ఏదీ లేదు. పక్కనే మూలవిరాట్టులా నిలబడ్డ అయ్య ఏమీ అందించలేదు. నేను నెమ్మదిగా కొత్తది కట్టుకున్నాను, పైకే అంటూ. కొండ బుజం కింద గుడి. పొట్టిది. మేడ కాదు. కిటికీలుండవు. పక్కన నిలువుగా స్తంభం. స్తంభం బుజం కిందకి రావాలి.

"ఇంకా ఉత్తరానికి" అన్నాను. మావ ఇంజను తిప్పాడు. "ఇంకొంచెం. ఆపు."

అయ్య బరువు కట్టిన తాడు వదిలాడు. తాడు సరసరా దిగింది. అయ్య తాడుని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎత్తి, మళ్ళీ వదిలి చూశాడు. తాడుని నా చేతికిచ్చాడు. కింద గట్టిగా తగులుతోంది, రాయికి రాయి తగిలినట్టు.

"బండ" అన్నాడు అయ్య, మావ వైపు తిరిగి. "ఇయ్యాల్టి నుంచి ఆ పేరుతో పిలవకు ఈడిని."

"మరేటని పిలవను?"

అయ్య ఆలోచించాడు. తేలలేదు. "ముందు పడవ పక్కకి తియ్యి, వల దింపాల" అన్నాడు.

నేను ఇంకా తాడు పట్టుకునే ఉన్నాను. ఒకసారి కళ్ళు మూసుకుని చూశాను, ఇప్పుడైనా ఒడ్డు కనపడుతుందేమోనని. లేదు. చీకటి, ఆ చీకట్లో నా కొత్త వాక్యం, వేళ్ళకి బండ.